మంచె కంటె మెట్టు ముఖ్యం

రాగి కంకులు రంగు తిరిగే కార్తీక, మార్గశిర మాసాలలో హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతాల పల్లెల మీదుగా రాత్రిపూట ప్రయాణం చేసినవారికి చేలగట్ల చెట్ల మీద చిన్న చిన్న దీపాలు కనబడే ఉంటాయి. అవి కావలి మంచెలు. తమిళులు పరణ్ అంటారు, కన్నడిగులు అట్టణె అంటారు. తరతరాలుగా అక్కడ స్థిరపడిన మనవారు మాత్రం మంచె అనే మాటను వదలలేదు. పేరేదైనా పని ఒక్కటే: అడవిపందుల నుంచీ, ఏనుగుల నుంచీ పంటకు కావలి.

ఒకప్పుడు మంచె వేటగాండ్ర సొత్తు కూడా. బెంగుళూరు నివాసి అయిన కెన్నెత్ ఆండర్సన్ దొర 1954లో అచ్చువేయించిన వేట కథల పుస్తకంలో ఈ ప్రాంతపు జవలగిరి పులి కథ ఉన్నది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత ఆ వేటలకు కాలం చెల్లింది. వేట పోయినా మంచె పోలేదు. చేను ఉన్నంతకాలం, అడవి పక్కన ఉన్నంతకాలం అది ఉంటుంది.

మంచె వేయబోయే ప్రతివారూ ముందు కొయ్య, పలక, కప్పు చూసుకుంటారు. ఎక్కే దారిని గురించి చివరికి ఆలోచిస్తారు. ఇంట్లో ఏ నిచ్చెన ఉంటే అది తెచ్చి ఆనిస్తారు. నిజానికి మంచె మీద కూర్చున్నవానికి వచ్చే ఆపద తక్కువ. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, ముఖ్యంగా మెట్టు మీదనుంచి మంచె మీదికి కాలు మార్చేటప్పుడు ఆపద ఎక్కువ. తళి దగ్గర మాకు మేనమామ వరుస అయ్యే పెద్దాయన ఒకరు రాత్రంతా జాగారం చేసి, తెల్లవారుజామున మంచులో దిగుతుండగా పాతతాడు తెగి నిచ్చెన మెట్టు జారింది. పడినది పది అడుగులే. అయినా తుంటి విరిగి, ఆ ఏడు కోత కూలీల పాలయినది, ఎడ్ల జత అమ్మకం పాలయినది. కాపాడుకున్న రాగులకంటె పోయినదే ఎక్కువ.

అందుచేత మంచెకు ముందు మెట్టును ఎన్నుకోవలెను. ఎన్నుకునేటప్పుడు పగటివేళ ఎక్కే కుర్రవాణ్ణి కాక, నిద్రకళ్లతో చీకటిలో దిగే పెద్దవారిని తలచుకోవలెను. సంగతి అంతా ఇందులోనే ఉన్నది.

మనకు దొరికే సాధనాలలో మొదటిది వెదురు నిచ్చెన. ఖర్చు తక్కువ, ఎవరైనా చేయగలరు. అయితే ఎత్తు పెరిగినకొద్దీ బరువు పెరుగుతుంది, నడుమ వంగుతుంది. నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున కింది కొసను చెట్టుకు ఎడంగా జరిపి, పైకొసను కొమ్మకు కట్టి తీరవలెను. పైకొస మంచె కంటె మూడడుగులు ఎత్తుగా ఉంటే, కాలు మార్చేటప్పుడు చేతికి పట్టు దొరుకుతుంది.

రెండవది తాళ్ల నిచ్చెన. చుట్టి సంచిలో వేసుకోవచ్చు, ఎక్కిన తరువాత పైకి లాగుకోవచ్చు. కాని కిందికొస గట్టిగా కట్టకపోతే కాళ్లు ముందుకు పోయి శరీరం వెనుకకు వేలాడుతుంది. వయసు మళ్లినవారికి, చీర కట్టుకున్నవారికి ఇది తగదు.

మూడవది చెట్టుకు మేకులు దిగగొట్టడం. ఇది అన్నిటికంటె చవుకగా కనబడుతుంది గాని తగినది కాదు. మేకు తుప్పుపడుతుంది, బెరడు దాన్ని మింగుతుంది, ఒకనాడు కాలు పెట్టగానే విరుగుతుంది. చెట్టుకూ గాయమే. తరువాతెప్పుడో ఆ మాను కోసేవాని రంపానికీ ప్రమాదమే.

నాలుగవది విడిమెట్లు. అమెరికాలో జింకలను వేటాడేవారు తమ మంచెలు చెట్టుకు తగిలించడానికి వీటిని వాడుతారు. రెండు మూడు అడుగుల అల్యూమినియం లేక ఉక్కు కడ్డీకి ఇరుపక్కలా అడుగు పెట్టే చోట్లు ఉంటాయి. ఇలాంటివి మూడు, నాలుగు వరుసగా పట్టీలతో మానుకు బిగించి ఎక్కుతారు. దిగేటప్పుడు విప్పుకొని వీపున వేసుకొని పోతారు. చెట్టులోకి మర పెట్టి తిప్పే ఇనుపమెట్లు కూడా అక్కడ ఉన్నవి గాని, బెరడుకు గాయమవుతుందని ప్రభుత్వపు అడవులలో చాలాచోట్ల వాటిని నిషేధించినారు. పట్టీ మెట్టుకు ఆ దోషం లేదు. పంట రెండు మూడు నెలలే గనుక, ఏటా వేరే చెట్టుకు మార్చుకోవలసిన మనవారికి ఈ పద్ధతి అక్కరకు వస్తుంది. కమ్మరి చేత చేయించుకున్నా సరే, కొన్నా సరే, కొన్ని విషయాలు చూడవలెను.

మెట్టుకు మెట్టుకు మధ్య ఎడం 12 నుంచి 15 అంగుళాలకు మించరాదు. ఇంట్లో పొట్టివారు కొలత. కాలు పెట్టే చోటు పాదం సగమైనా ఆనేటట్లు ఉండి, పైభాగం గరుకుగా ఉండవలెను. నునుపైన కమ్మీ మంచులో జారుతుంది. పట్టీకి లారీలో సరుకు బిగించే రాచెట్ పట్టీ మంచిది. కొబ్బరితాడు తడిసి కుళ్లుతుంది, నైలాన్ తాడు ఎండకు చీకుతుంది. ఏది వాడినా సీజను మొదట గోటితో గీకి, వంచి, పోగులు లేస్తే నిర్దాక్షిణ్యంగా పారవేయవలెను. బిగించిన తరువాత నేలకు అడుగెత్తున నిలబడి, శరీరభారం అంతా వేసి కదిపి చూడవలెను. చివరి మెట్టు మంచె పలకకు సమంగానో, కాస్త పైగానో ఉండవలెను. మంచె మీదికి దిగడమే గాని పైకి పాకడం ఉండరాదు.

చెట్టునూ చూసుకోవలెను. మునగ విరిగిపోయే జాతి. నీలగిరి బెరడు ఊడి పట్టు ఇవ్వదు. చింత, మామిడి వంటి ముదురు మాను మేలు. ఎండుకొమ్మ కింద మెట్టు కట్టరాదు.

నడుముకూ మానుకూ చుట్టి వేసుకునే తాడు మనవారికి కొత్తది కాదు. తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుని మోకు అదే కదా! అమెరికా వేటగాండ్రు ఇప్పుడు నడుముకు మాత్రమే కాక భుజాలకూ తొడలకూ కలిపిన తొడుగు వేసుకొని, నేలమీద అడుగు కదిలినప్పటినుంచీ తాడుకు తగిలించుకొనే ఎక్కుతారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీతకార్మికులకు కాటమయ్య రక్షణ కవచం అనే పేరుతో భద్రతా సామగ్రి పంచడం మొదలుపెట్టినదంటే, వృత్తి తెలిసినవారికే అది అవసరమని గుర్తించినట్లు గదా. ఏటా రెండు నెలలు చెట్టెక్కే మనకు ఎందుకు అక్కరలేదు?

ఎక్కేటప్పుడు రెండు చేతులూ, ఒక కాలూ, లేక రెండు కాళ్లూ, ఒక చేయీ ఎప్పుడూ ఆనుకొని ఉండవలెను. టార్చిలైటు, కంబళి, నీళ్లసీసా చేతపట్టుకొని ఎక్కరాదు. సంచిలో పెట్టి, మంచె మీదినుంచి సన్నతాడుతో లాగుకోవలెను.

ఏనుగుల దారి అయితే ఇంకొక మాట. పెద్దఏనుగు తొండం ఎత్తితే 15 అడుగులకు పైగా అందుతుంది. ఒంటిమీద సన్నని మాను ఉన్న చెట్టును అది వంచగలదు. అలాంటి చోట మంచె కేవలం చూసి ఊరికీ అటవీశాఖకూ కబురు చెప్పడానికే. దిగి తరమబోవడం వీరత్వం కాదు.

మంచె ఖర్చు లెక్క వేసేటప్పుడు మొదటి పద్దు కింద మెట్లూ, పట్టీలూ, తాడూ వ్రాసుకోండి. పలకకూ కప్పుకూ మిగిలినదానితో సరిపెట్టుకోవచ్చు. కప్పు కారితే ఒక రాత్రి తడుస్తాము, మెట్టు తప్పితే ఇల్లంతా తడబడుతుంది.