చిన్న ట్రాక్టరు లిఫ్టు మరమ్మతు : క్రియాపదముల సాక్ష్యము

భాషాసాహిత్య పరిశోధనమునకై వెలువడు సంచికలో ట్రాక్టరు మరమ్మతునకు చోటేమి యని చదువరులు శంకింపవచ్చును. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటము వ్యవసాయ పదములకే కేటాయింపబడినది. నాటి పరికరములు పెక్కు నేడు మూలబడినవి. వాని పనిని యంత్రము చేయుచున్నది. కావున వృత్తిభాషను పరిశీలింపగోరు విద్యార్థి పొలమునకు మాత్రమే గాక మెకానిక్కు షెడ్డునకును పోవలసియున్నది. అచ్చట వినబడు నామవాచకములలో హెచ్చుపాలు ఆంగ్లము నుండి వచ్చినవే. పంపు, సీలు, వాల్వు, ఓరింగు, హోసుపైపు – వీనిని గూర్చి చెప్పదగిన విశేషము కొంచెమే. యంత్రమునకు గల జబ్బును తెలుపు క్రియాపదములు మాత్రము తెలుగువి. వ్యాధినిర్ణయ మంతయు నా క్రియలయందే యున్నదని మా యభిప్రాయము. దానిని నిరూపించుటకు ముందు యంత్రము పని చేయు తీరును వివరింపవలెను.

పండ్లతోటలలో వరుసల నడుమ దున్నుటకు వాడు చిన్న ట్రాక్టరు వెనుక రెండు క్రింది కడ్డీలును, ఒక పై కడ్డీయు నుండును. పై కడ్డీని టాప్‌లింకు అందురు. రొటవేటరు గాని, గొర్రు గాని, నాగలి గాని ఈ మూడింటికే తగిలింతురు. ఈ మూడుచోట్ల బంధమును, దానిని నూనె బలముతో లేపు పద్ధతిని జోడించి వాడుకలోనికి తెచ్చినవాడు ఐర్లండు దేశీయుడగు హ్యారీ ఫెర్గూసన్. 1939లో ఫోర్డు సంస్థతో కలిసి యతడు విడుదల చేసిన ట్రాక్టరుతో నీ పద్ధతి లోకమున వ్యాపించినది. ఇందలి కీలకమేమన్న : ఎడ్లతో దున్నునపుడు కర్రు లోతుగా దిగి బరువెక్కినచో రైతు మేడిని సవరించి దానిని కొంచెము పైకి తేల్చును. ట్రాక్టరునందు మేడిపై చేయి లేదు. నాగలిపై లాగుడు హెచ్చినపుడు టాప్‌లింకు ముందునకు నొక్కబడి యొక స్ప్రింగును నొక్కును; ఆ కదలిక వాల్వును తెఱచును; నాగలి రవంత లేచును; లాగుడు తగ్గగానే వాల్వు మూతపడును. మేడిపై నుండిన చేయి యే స్ప్రింగులోనికి చేరినదనవచ్చును. ఈ సదుపాయము అన్ని చిన్న ట్రాక్టర్లలోను లేదు. కొన్నిటిలో పరికరమును కోరిన యెత్తున నిలుపు ఏర్పాటు మాత్రమే యుండును.

లేపు బలము నూనెది. ఇంజనుతో తిరుగు పంపులోని రెండు పండ్లచక్రములు గేరుపెట్టె అడుగునుండి జాలీ ద్వారా నూనెను పీల్చి వాల్వునకు పంపును. వాల్వు దానిని సిలిండరులోనికి విడిచినచో పిస్టను కదలి, లిఫ్టుచేతులను పైకెత్తును. దించునపుడు పంపునకు పని లేదు. పరికరపు బరువే నూనెను వెనుకకు నెట్టును. పంపు పుట్టించునది ప్రవాహమే గాని పీడనము కాదు. ప్రవాహమున కడ్డము తగిలినపుడే పీడనము పుట్టును. ఈ భేదము తెలియనందువలననే మంచి పంపులు పెక్కు మార్చబడుచున్నవి. పిస్టను వ్యాసము 7.5 సెంటీమీటర్లనుకొందము. దాని వైశాల్యము సుమారు 44 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరునకు 150 కిలోల పీడనమున్నచో పిస్టనుపై బడు బలము 6,600 కిలోలు. పిస్టను నెట్టు చేయి పొట్టిది, లిఫ్టుచేయి పొడుగుది. కావున కడ్డీల చివర కందు బలము ఇందులో కొద్దిపాలే. పీడనము హద్దు మీఱకుండ రిలీఫ్ వాల్వు అధికమైన నూనెను తిరిగి తొట్టిలోనికి వదలును.

పాఠ్యపుస్తకములు పిస్టనును ముషలకమనియు, వాల్వును కవాటమనియు, నూనె చిక్కదనమును స్నిగ్ధత యనియు వ్యవహరించును. రోకలిని స్మరింపజేయు ముషలక శబ్దము చక్కనిదే. కాని షెడ్డులో దానిని పలికినవారిని మేమెఱుగము.

ఇక రైతు చెప్పు మాటలు. “హైడ్రాలిక్ పోయింది” అనునది వానిలో మిక్కిలి నిరర్థకమైనది. పంపు, వాల్వు, సీలు, నూనె – వీనిలో నేది పోయినను ఆ మాటయే చెల్లును. మంచి మెకానిక్కు వెంటనే “లేవట్లేదా, ఆగట్లేదా?” అని యడుగును. ఈ రెండు క్రియలు జబ్బును రెండు పాయలుగా చీల్చును.

లేవకుండుట నూనె రాకపోవుటకు గుర్తు. అట్టియెడ పంపును విప్పుటకు ముందు, పరికరమును నేలకు దించి నూనెమట్టము చూడవలెను. లేపియుంచి కొలిచినచో సిలిండరులోని నూనె లెక్కకు రాదు. పిమ్మట జాలీని, ఫిల్టరును చూడవలెను. పెక్కు చిన్న ట్రాక్టర్లలో గేర్లకును లిఫ్టునకును నూనె యొక్కటే. గేర్ల అరుగుదలవలన రాలు లోహపు పొడి యంతయు జాలీకి జేరును. అయస్కాంతముపై బూడిదరంగు మెత్తని ముద్ద కనబడుట సహజము. మెఱయు పెచ్చులు కనబడినచో నెచ్చటనో లోహము విఱుగుచున్నదని గ్రహింపవలెను. జాలీ పూడినపుడు పంపు కూయును. “పంపు ఏడుస్తోంది” అనుటయు గలదు. చల్లని ఉదయమున నూనె చిక్కగా నుండి యీ కూత హెచ్చగును. అట్లుగాక ఉదయము చక్కగా లేచి, మధ్యాహ్నము నూనె కాగి పలుచబడిన పిదప లేవకున్నచో, అరిగిన పంపులోనో మఱి యొకచోటనో నూనె లోలోన వెనుకకు జాఱుచున్నదని యర్థము. పీడనపు గేజి తగిలించి చూచిన పిమ్మటగాని పంపుపై నేరము మోపరాదు. విత్తు అదనున జాలీ కడిగిన సరిపోవు జబ్బునకు క్రొత్త పంపు కొనిన రైతునకు నష్టము ధనముతో పోదు. పదును కూడ పోవును.

నూనె తెల్లబడుటయందును రెండు భేదములు గలవు. “నురుగొస్తోంది” అన్నచో పీల్చు గొట్టపు జాయింటువద్ద గాలి చొచ్చుచున్నది. సీసాలో పోసి నిలువ యుంచిన నురుగు తేలి విఱుగును. “పాలలా అయింది” అన్నచో నీరు కలిసినది. అది యంత సులభముగా తేటపడదు.

ఆగకుండుట వేఱు. లేపిన పరికరము ఇంజను నిలుపగానే దిగిపోవుచున్నచో పంపు నిర్దోషి. పట్టియుంచవలసిన చోట నూనె తప్పించుకొనుచున్నది. తప్పించుకొను దారి పిస్టను సీలా, వాల్వా అని తెలియుటకు, దిగు వేగమును తగ్గించు గుబ్బ గల ట్రాక్టర్లలో చులుకనైన పరీక్ష గలదు. గుబ్బను పూర్తిగా మూసినచో సిలిండరునకును వాల్వునకును నడుమ దారి మూయబడును. అప్పుడు దిగుట ఆగినచో దోషము వాల్వుది. ఆగనిచో సాధారణముగా సీలుది. ఈ జబ్బునకే మఱియొక రూపము “లిఫ్టు ఎగిరెగిరి పడుతోంది” అనునది. ఇంజను నడుచుచుండగా పరికరము రవంత దిగును, ఎత్తును నిలుపు ఏర్పాటు దానిని కనిపెట్టి మరల లేపును, మరల దిగును. ఎగురుట చికిత్సయే గాని రోగము కాదు, పడుటయే రోగము. మాటలో నెగురుట ముందు వచ్చినందున క్రొత్తవారు లేపు ఏర్పాటును విప్పుటకు బోవుదురు.

సీలు మార్చుట చేతిపని. వ్రాతకు పూర్తిగా నందదు. అయినను ఒక్క విషయము చెప్పక తప్పదు. పిస్టను గాడిలో ఓరింగుతోబాటు గట్టి పదార్థపు తోడు రింగు ఉండుట కలదు. పీడనమునకు ఓరింగు సందులోనికి సాగి తెగకుండ కాచుట దాని పని. కావున నది పీడనము వచ్చు దిక్కునకు గాక, దాని కెదుటి దిక్కున నుండవలెను. తాఱుమాఱుగా నమర్చినచో క్రొత్త సీలు కొలది దినములకే కోసుకొనిపోవును, నింద సీలు నాసిరకపుదని యంగడివానిపై బడును. పోగులు రాలు గుడ్డతో సిలిండరును తుడువరాదు. విప్పుటకు ముందు పరికరమును నేలపై దించి, ఇంజనాపి, లివర్లను ముందు వెనుకలకు కదల్చి నిలిచిన పీడనమును వదలవలెను. లేపిన పరికరము క్రింద, దిమ్మెలు పెట్టక, చేయి చాపరాదు.

వెలుపలి కారుదలను జెప్పుటలో మన భాష యింకను నిశితమైనది. జాయింటువద్ద నూనె చెమ్మగిల్లును, ఊరును, బొట్లుగా కారును, ధారకట్టును, చిమ్మును. మొదటి రెండింటికి తుడిచి కనిపెట్టి యుండుట చాలును. కారుట బిగింపునో, క్రొత్త వాషరునో కోరును. చిమ్ముట ప్రాణాపాయము. హోసుపైపునందలి సూదిమొన యంత రంధ్రమునుండి పీడనముతో వెలువడు నూనెధార కంటికి కనబడకపోవచ్చును. చర్మమును దూసికొని లోనికి పోగలదు. కావున కారుచోటును వ్రేలితో తడివి వెదుకరాదు; అట్టముక్కను దూరమునుండి యడ్డుపెట్టి చూడవలెను. ట్రాక్టరుపై నంటించిన హెచ్చరిక ఆంగ్లమున నున్నచో, “ఇచ్చట నూనె చిమ్మును, చేయి పెట్టవద్దు” అని తెలుగున వ్రాయించుట మేలు. “ద్రవస్రావము సంభవించు నవకాశము గలదు” అని వ్రాసినచో ప్రయోజనము లేదు.

అట్టి గాయము మొదట ముల్లు నాటినట్లు చుక్కగా మాత్రమే యుండి, నొప్పియు నంతగా ఉండకపోవచ్చును. కొన్ని గంటలలో వాచి, లోపలి కండ చెడును. శస్త్రచికిత్సకు ఆలస్యమైనచో వ్రేలినో చేతినో కోల్పోవలసి రావచ్చును. వైద్యునివద్ద “సూదిలా గ్రుచ్చుకొన్నది” అని చెప్పినచో ధనుర్వాతపు టీకా వేసి పంపివేయుట కవకాశము గలదు. “ఒత్తిడితో నూనె లోపలికి పోయినది” అని చెప్పవలెను.