బాయిలరు మోగితే

ఇంగ్లాండులోని మన బిడ్డల ఇండ్లను చలికాలములో వెచ్చగా ఉంచేది గ్యాసు బాయిలరు. అది కాచిన నీరు గొట్టాల గుండా గదులలోని రేడియేటర్లకు వెళ్తుంది.

రేడియేటరులో గలగల వినబడితే సాధారణంగా గాలి చేరిందన్నమాట. బాయిలరు ఆపి, చల్లారిన తరువాత పైమూలనున్న మరను చిన్న తాళంచెవితో కొంచెము వదులు చేయాలి. గాలి పోయి నీటిబొట్టు రాగానే బిగించాలి.

బాయిలరే కెటిలు మరిగినట్టు మోగితే, మన కాగుల అడుగున కట్టే సున్నపు పొర వంటిదే లోపల కట్టి ఉండవచ్చు. లండన్ నీటిలో సున్నము ఎక్కువ.

దాని మూత మాత్రము మనవారు విప్పకూడదు. గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్న మెకానిక్కునే పిలవాలి. మంట సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయగలదు. దానిని పసిగట్టే అలారము ఇంట్లో ఉన్నదా అని ఈసారి ఫోనులో మీ బిడ్డలను అడగవలెనని మనవి చేస్తున్నాము.