మీకు తెలుసా? తాళం తీసిన ఇంట్లో మోటారు ఎందుకు మొరాయిస్తుంది

అనంతపురం, కదిరి, హిందూపురం వైపు నెలల తరబడి తాళం వేసి ఉండే ఇళ్లకు కొదవ లేదు. వేరుశనగ చేతికందని ఏడు బెంగళూరుకో కేరళకో పనికి పోయేవాళ్లు కొందరు, ఉద్యోగాలకని పట్నాల్లో ఉండి పండక్కి వచ్చేవాళ్లు కొందరు. తాళం తీసిన పూటే రెండు తలనొప్పులు ఎదురవుతాయి. మోటారు నీళ్లెత్తదు. గీజరు వెలుగుతుంది గానీ వేడినీళ్లు రావు.

మోటార్‌హోమ్‌లు (ఇల్లులా అమర్చుకున్న బండ్లు) నడిపే చలిదేశాల వాళ్లకూ చలికాలం వెళ్లగానే సరిగ్గా ఇదే గోల. గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం ఉబ్బి పైపులను చీల్చేస్తుంది. అందుకని బండిని మూలన పెట్టేముందు నీళ్లన్నీ దించేసి, పైపుల్లోకి గడ్డకట్టని గులాబీరంగు ద్రావకం ఎక్కిస్తారు. మన దగ్గర ఆ చలి లేదు. పడమటి కనుమల వానచాటున, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల ఇది. ఇక్కడ సంపులోనో, పైపులోనో, బోరులోనో నీళ్లు ఖాళీ అయివుంటాయి, అది చూసుకోకుండా మనం స్విచ్ వేస్తాం. పంపుకైనా హీటరుకైనా అసలు గండం అదే.

స్విచ్ వేయగానే ‘గుం’మని మూలిగి తిరగకుండా ఉండిపోయిన మోటారు కాలిపోయిందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అది పట్టేసి ఉంటుంది, అంతే. పంపు డొప్పకూ లోపల తిరిగే ఇంపెల్లర్‌కూ మధ్య సందు చాలా సన్నం. నిలవ నీరు ఆరిపోతూ అక్కడ తుప్పునూ సున్నాన్నీ వదిలి రెంటినీ అతికించేస్తుంది. తిరగలేని మోటారు మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి, అలాగే వదిలేస్తే వైండింగ్ నిజంగానే మాడిపోతుంది. మెయిన్ ఆపేసి, వెనక మూత విప్పి, ఫ్యాన్‌ను చేత్తో అటూ ఇటూ కదిలిస్తే చాలావరకు వదులవుతుంది. కొన్ని మోనోబ్లాక్ మోటార్లకు షాఫ్టు కొసన స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉండేది ఇందుకే. చేత్తో తేలిగ్గా తిరిగినా మూలుగు పోకపోతే కెపాసిటర్‌ను అనుమానించాలి. మోటారును వైండింగ్‌కు పంపేముందు ఎలక్ట్రీషియన్ చేత దాన్ని మార్పించి చూడండి, చవకలో తేలిపోవచ్చు.

ఇక మోటారు హాయిగా తిరుగుతూ నీళ్లు రాని కేసు. మెకానిక్ గడపలోకి వస్తూనే అడుగుతాడు:

“నీళ్లు పోసి చూసినావా న్నా?”

“లేదప్పా, పొద్దున్నుంచీ అట్లే తిరుగుతాంది.”

“ఆపు న్నా ముందు, సీలు పోతాది!”

ఆ మాటలో చాలా విషయం ఉంది. మోటారుకూ పంపుకూ నడుమ రెండు నున్నటి బిళ్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నీటిని మోటారు వైపు రాకుండా ఆపుతాయి, సీలంటే అవే. వాటిని చల్లగా ఉంచేది పంపులోని నీళ్లే. ఒట్టిగా తిప్పితే బిళ్లలు వేడెక్కి దెబ్బతింటాయి, ఆ తర్వాత పంపు మెడ దగ్గర చుక్కచుక్కగా కారడం మొదలవుతుంది.

నీళ్లు ఎందుకు పోయాలి? గాలి నీటికన్నా సుమారు 800 రెట్లు తేలిక. ఇంపెల్లర్ ఎంత తిరిగినా గాలిని బయటికి నెట్టి ఖాళీ సృష్టించలేదు. అందుకే సంపు అడుగున పైపు కొసకు ఫుట్‌వాల్వు పెడతారు, మోటారు ఆపాక కూడా పైపులో నీరు నిలబడేటందుకు. నెలలు గడిస్తే దాని తలుపు మధ్య ఓ ఇసుకరేణువు చిక్కుకున్నా చాలు, నీరంతా కిందికి జారిపోతుంది. ప్రైమింగ్ బిరడా విప్పి, బుడగలు ఆగేదాకా చెంబుతో నీళ్లు పోసి, కాసేపు మట్టాన్ని గమనించండి. మెల్లగా దిగిపోతుంటే తప్పు ఫుట్‌వాల్వుది. మట్టం కదలకుండా ఉండి, మోటారు వేశాక మాత్రం నీళ్లు రాకపోతే పైపు జాయింట్ల దగ్గర ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం.

అసలు పంపు నీటిని ‘లాగదు’. అది లోపల ఒత్తిడి తగ్గిస్తుంది, బయటి గాలి నీటిని పైకి తోస్తుంది. ఆ తోపుడుకు హద్దుంది. సముద్రమట్టంలో అది సుమారు 10.3 మీటర్లు. ఒక ఎత్తు దాటి నీరు ఎక్కని పంపు గురించి గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో ప్రస్తావించాడు, కారణం మాత్రం ఆయనకు సరిగ్గా అందలేదు. అది గాలి బరువని తేల్చింది ఆయన శిష్యుడు టొరిచెల్లి. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ హద్దు పది మీటర్లకు కాస్త లోపే, 620 మీటర్ల ఎత్తున ఉన్న హిందూపురంలో ఇంకో అడుగు తక్కువ. రాపిడి, లీకులు పోను చేతికొచ్చేది ఆరేడు మీటర్లే. బావిలో మట్టం దిగేకొద్దీ రైతులు మోటారునే బావి గోడకు గట్టు కట్టి కిందికి దించుతూ పోయింది అందుకే. మట్టం వందల అడుగులకు జారాక ఇక గాలి సాయం చాలదు, సబ్‌మెర్సిబుల్‌ను నీళ్లలోకే దించి కిందినుంచి నెట్టాల్సిందే.

ఆ సబ్‌మెర్సిబుల్ విషయంలో నాకు ఎప్పుడూ వింతగా తోచేదొకటుంది. బోరు ఎండి పంపు ఒట్టిగా తిరిగితే ఎక్కువ కరెంటు కాలుతుందనుకుంటాం. నిజానికి తక్కువే తీసుకుంటుంది, ఎత్తడానికి బరువు లేదు కదా. చుట్టూ నీళ్లు లేక మోటారు ఉడికిపోతుంటుంది, స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంటుంది. దానికి తెలిసింది కరెంటు హద్దు మీరడం ఒక్కటే. కరెంటు పడిపోవడాన్ని పసిగట్టి ఆపే డ్రై రన్ ప్రివెంటర్ వేరే కావాలి.

ఇంకొకటి. స్టార్టర్ విప్పి మళ్లీ వైర్లు కలిపినప్పుడు మూడు ఫేజుల్లో రెండు తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది. అయినా నీళ్లు వస్తాయి! ఇంపెల్లర్ ఎటు తిరిగినా నీటిని అంచుకే విసురుతుంది మరి. కాకపోతే ధార నీరసంగా ఉంటుంది. బోరులో నీళ్లు తగ్గాయేమోనని దిగులుపడి కొత్త బోరుకు అప్పు చేసేముందు ఏవైనా రెండు వైర్లు మార్చి చూడటం మంచిది. కరువు సీమలో ఈ ఒక్క సంగతి ఎంత ఖర్చు తప్పించగలదో వేరే చెప్పాలా?

గీజరు దగ్గరికొస్తే, మోటార్‌హోమ్ వాళ్లు ఏటా చేసే పొరపాటే మనదీ. ట్యాంకు నిండిందో లేదో చూడకుండా స్విచ్ వేస్తారు. నీళ్లు తగలని హీటింగ్ ఎలిమెంట్ కాసేపటికే మాడిపోతుంది. వేడినీళ్ల కుళాయి విప్పి, గాలి తుంపర్లు పోయి ధార నిలకడగా వచ్చాకే స్విచ్ వేయాలి. మొదటి నీళ్లు కుళ్లిన గుడ్డు వాసన కొడితే కంగారు పడనక్కర్లేదు. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడానికి లోపల పెట్టే మెగ్నీషియం కడ్డీ, నిలవ నీటిలో పెరిగిన బ్యాక్టీరియా కలిసి చేసిన పని అది. పారబోసి, 60 డిగ్రీలకు కాచాలి. గోరువెచ్చటి నిలవ నీటిలో పెరిగే లీజియోనెల్లా అనే మరో బ్యాక్టీరియాకూ ఆ వేడి గిట్టదు.

ఉప్పునీళ్ల బోర్లున్నచోట ఎలిమెంట్‌కు తెల్లటి పెంకు కట్టడం అందరూ చూసిందే. చక్కెర వేడినీళ్లలో చురుగ్గా కరుగుతుంది, సున్నం తంతు తిరకాసు. వేడి తగలగానే నీటిలోని బైకార్బనేట్ విడిపోయి కార్బనేట్‌గా పేరుకుంటుంది. తాగునీటికి భారత ప్రమాణాల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మేలు, గత్యంతరం లేకపోతే 600 దాకా. మరిగిస్తే కాఠిన్యం కొంత తగ్గుతుంది కదా, ఫ్లోరైడ్ కూడా పోతుందనుకోకండి. నీళ్లు ఆవిరై, మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఈ ప్రాంతానికి ఫ్లోరైడ్ బాధ పాతది. 1990ల నడుమ శ్రీ సత్యసాయి నీటి పథకం 700కు పైగా ఊళ్లకు తాగునీరు ఇవ్వాల్సి రావడానికి అదీ ఒక కారణమే.

మేడమీద సోలార్ హీటరున్నవాళ్లు మాత్రం తొందరపడకండి. గాజు ట్యూబులది ఖాళీగా ఉన్నప్పుడు మిట్టమధ్యాహ్నం లోపలి వేడి 200 డిగ్రీలు దాటగలదు. బస్సు దిగి, స్నానం చేద్దామని అప్పుడే మోటారు వేసి చన్నీళ్లు ఎక్కిస్తే ట్యూబులు టపటపా పగులుతాయి. నీళ్లు పట్టాల్సింది తెల్లారకముందు, లేదా పొద్దుగూకి ట్యూబులు పూర్తిగా చల్లారాక. ఊరికి పోయేముందు ట్యూబుల మీద ఓ పాత దుప్పటో టార్పాలినో కప్పిపోతే ఈ బెడదే ఉండదు. ఒకటి పగిలినా మొత్తం సెట్టు మార్చాలని ఎవరైనా అంటే నమ్మకండి. పగిలిన ట్యూబునూ దాని రబ్బరు వాషర్‌నూ విడిగా మార్చుకోవచ్చు. పాతదాని పొడవు, లావు కొలిచి రాసుకుని కొట్టుకు వెళితే చాలు.