సోమవారం కడుపునొప్పి



మా అవుట్‌పేషెంట్ విభాగంలో సోమవారం ఉదయం తరచుగా ఒక దృశ్యం కనబడుతుంది. యూనిఫారం వేసుకొన్న బిడ్డ, భుజాన బడిసంచితోనే, పొట్ట పట్టుకొని బల్లమీద కూర్చొని ఉంటాడు. "రాత్రి బాగానే అన్నం తిన్నాడండి సిస్టరుగారూ, తెల్లారేసరికి నొప్పంటన్నాడు" అని తల్లి చెబుతుంది. పదిన్నర దాటేసరికి, అంటే బడిగంట కొట్టి చాలాసేపయ్యాక, అదే బిడ్డ మా ఆవరణలో చెట్టుకింద పరుగులు తీస్తూ ఉంటాడు. తల్లికి ఒళ్లు మండుతుంది. "చూశారా, అంతా నాటకం!" అంటుంది.

ఈ నెల ఆ నొప్పిని గూర్చి మీతో మాట్లాడాలనుకొంటున్నాము. అది నాటకం కాదు, బిడ్డకు నిజంగానే నొప్పి పుడుతుంది. అయితే అన్నిసార్లూ అది మందుతో పోదు.

మేము నేర్చుకొన్న పాఠం

2025 ఆగస్టులో మూడవ తరగతి చదివే ఒక పాపను వాళ్ల అమ్మమ్మ తీసుకొచ్చింది. పేరు, ఊరు చెప్పము. బొడ్డు చుట్టూ నొప్పి. జ్వరం లేదు, వాంతులు లేవు. డాక్టరుగారు చూశారు. మూత్రపరీక్ష, మలపరీక్ష చేయించాము. ఏ దోషమూ కనబడలేదు. మందు ఇచ్చి పంపాము. కొద్దిరోజులకే మళ్లీ వచ్చారు. మూడవసారికి స్కానింగ్ కూడా అయింది. ఈలోగా బయట ఒకచోట రెండు ఇంజెక్షన్లు చేయించి, "బలానికి" ఒక సెలైను కూడా పెట్టించారట. అమ్మమ్మ కూలి డబ్బులు ఖర్చయ్యాయి, పనిదినాలు పోయాయి గాని నొప్పి మాత్రం పోలేదు.

నాలుగవసారి వచ్చినప్పుడు మా సిస్టర్లలో ఒకరు ఓ.పి. చీటీలన్నీ వరుసగా పెట్టి చూశారు. మూడుసార్లు సోమవారమే. మిగిలిన ఒక్కటి వినాయక చవితి సెలవు మరునాడు. మాకు సిగ్గనిపించింది. ఆ తేదీలు వ్రాసింది మేమే, వాటిని చదువుకోనిదీ మేమే.

ఆ సిస్టరు పాపను అమ్మమ్మ కనబడేంత దూరంలో కూర్చోబెట్టుకొని, నొప్పి సంగతి ఎత్తకుండా, "బళ్లో నీ పక్కన ఎవరు కూర్చుంటారమ్మా?" అని అడిగింది. పాప చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఎవరూ కూర్చోరు ఆంటీ. మా అమ్మ నన్ను వదిలేసి ఎల్లిపోయిందంట" అంది.

తల్లి మే నెలలో ఇంటిపనికి కువైట్ వెళ్లింది. తండ్రి హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉన్నాడు. తల్లికి పని ముగిసి ఫోను చేయడానికి తీరికయ్యేసరికి అక్కడ రాత్రి తొమ్మిది, మనకు పదకొండున్నర. పాప రోజూ ఆ ఫోను కొరకు మేలుకొని ఉంటుంది. తెల్లవారి లేవలేదు. ఏమీ తినకుండా బడికి పరుగు. తరగతిలో కళ్లు మూతలు పడతాయి. టీచరుగారు లేపి చదవమంటే తడబడుతుంది, పిల్లలు నవ్వుతారు. పైగా "మీ అమ్మ వదిలేసింది" అనే మాట. ఇన్ని ఆ చిన్న కడుపులో ఉన్నాయి. మేము మాత్రం మందుసీసాలు మారుస్తూ వచ్చాము.

బడికీ ఇంటికీ మధ్య

మా కమ్యూనిటీ హెల్త్ నర్సు అమ్మమ్మను వెంటబెట్టుకొని బడికి వెళ్లింది. తల్లి ఊళ్లో లేదన్న సంగతే టీచరుగారికి తెలియదు. "ఈ పాప ఇంట్లోవాళ్లకి పట్టింపు లేదనుకున్నానండి. జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగుకి కూడా ఈ పాప తరఫున ఎవరూ రాలేదు" అన్నారామె.

అమ్మమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, "అది అమ్మా నాన్నా ఎళ్లే మీటింగు గదండీ. ఏలిముద్ర ఏసేదాన్ని, నేనొచ్చి ఏం మాట్లాడతానండి? నన్ను చూస్తే పిల్లకి నామోషీ అవుద్దని రాలేదు" అంది.

ఇంట్లోవాళ్లకు పట్టదని టీచరుగారు అనుకొన్నారు. బడికి తన అవసరం లేదని అమ్మమ్మ అనుకొంది. ఇద్దరికీ పాప కావాలి, కాని ఇద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. టీచరుగారు లేచి అమ్మమ్మకు కుర్చీ వేశారు. పావుగంటలో నాలుగు విషయాలు అనుకొన్నారు.

తల్లి ఫోను రోజూ అర్ధరాత్రి వద్దు. శుక్రవారం ఆమెకు సెలవు దొరుకుతుంది గనుక ఆ సాయంత్రం అయిదింటికి తీరిగ్గా మాట్లాడాలి. అప్పుడక్కడ రెండున్నర. పాప రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి. ఉదయం కాస్త గంజి అయినా, చద్దన్నం అయినా తినే వెళ్లాలి. తరగతిలో పాప పక్కన నెమ్మదైన పిల్ల ఒకతె కూర్చోవాలి, నలుగురిలో చదివించే ముందు టీచరుగారు ఆ పాఠాన్ని పాపతో ఒకసారి విడిగా చదివించాలి. తల్లి పనికోసం దూరం వెళ్లడం వదిలేయడం కాదని టీచరుగారు తరగతి అంతటికీ చెప్పారు. ఆ తరగతిలో ఇంకా ఇద్దరి తల్లులు గల్ఫ్‌లో ఉన్నారని అప్పుడే బయటపడింది.

నొప్పి ఒక్కరోజులో పోలేదు. దసరా సెలవుల తరువాత ఒకసారి, నవంబరులో ఒకసారి వచ్చింది. అయితే ఈసారి ఆసుపత్రికి రాలేదు. అమ్మమ్మ పాపకు వేడిగా గంజి పట్టి, తానే బడిదాకా నడిపించి, టీచరుగారితో ఒక మాట చెప్పి వచ్చింది. తల్లి ఇంకా కువైట్‌లోనే ఉంది. ఆ దిగులు మేము తీసివేయలేము. కాని పాప ఇప్పుడు దాన్ని ఒంటరిగా మోయడం లేదు.

కడుపు ఎందుకు నొస్తుంది?

మెదడుకూ పేగులకూ నరాల ద్వారా దగ్గర సంబంధం ఉన్నది. భయం, దిగులు కలిగినప్పుడు పేగుల కదలిక మారుతుంది, చిన్న నొప్పి కూడా పెద్దగా తెలుస్తుంది. కోర్టు వాయిదా ఉన్న ఉదయం పెద్దలు రెండుమూడుసార్లు దొడ్డికి వెళ్లడం మీరు చూసే ఉంటారు. పిల్లలకూ అంతే. "నాకు దిగులుగా ఉంది" అని చెప్పడం ఏడేళ్ల బిడ్డకు రాదు. "కడుపు నొస్తోంది" అని చెప్పడం వస్తుంది.

అయినా ముందుగా శరీరాన్ని చూడవలసిందే. ఈ లక్షణాలలో ఏది ఉన్నా బడి భయమనుకొని ఊరుకోక వెంటనే డాక్టరుకు చూపించండి:

• నిద్రలోనుండి లేపేంత నొప్పి, లేదా పొట్ట కుడివైపు క్రిందిభాగంలో నొప్పి
• జ్వరం, ఆగని వాంతులు, ఆకుపచ్చని వాంతి
• మలంలో రక్తం, విడువని విరేచనాలు
• మూత్రం పోసేటప్పుడు మంట
• బరువు తగ్గడం, కళ్లు పచ్చబడడం
• పొట్ట ఉబ్బి గట్టిగా ఉండడం

మరికొన్ని మామూలు కారణాలు కూడా ఉన్నవి. బడిలో మరుగుదొడ్డి శుభ్రంగా లేకనో, తలుపు గడియ పడకనో చాలామంది పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, సాయంత్రం వరకు ఆపుకొంటారు. నీళ్లు కూడా త్రాగరు. దానివలన మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షను వస్తాయి. కనుక "బళ్లో దొడ్డికి వెళ్తున్నావా?" అని అడగండి. నులిపురుగులకు ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో జాతీయ నులిపురుగుల దినాన బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ 400 మి.గ్రా. మాత్రను తప్పక నమిలి మింగించండి. నల్లబల్లమీద అక్షరాలు కనబడని బిడ్డ కూడా బడి అంటే భయపడుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చిన రోజున మీ బిడ్డను మాన్పించకండి.

ఇంటివారు చేయవలసినవి

"దొంగ వేషాలు" అనకండి. పొట్టమీద చెయ్యివేసి, "ఎక్కడమ్మా?" అని అడగండి. ఆ తరువాత బడి ముచ్చట్లు అడగండి. "ఎన్ని మార్కులు?" అనే ప్రశ్నకంటే "ఎవరితో ఆడుకొన్నావు?" అనే ప్రశ్నకు పిల్లలు ఎక్కువ చెబుతారు.

నొప్పి వచ్చిన రోజులు క్యాలెండరులో గుర్తు పెట్టండి. మేము చాలా ఆలస్యంగా చేసిన ఈ పని మీరు ఇంట్లోనే చేయవచ్చు.

డాక్టరు జబ్బేమీ లేదన్న తరువాత ఎక్కువరోజులు ఇంట్లో ఉంచకండి. రెండు రోజులు మానిన బిడ్డకు మూడవరోజు వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. అలాగని వీపున నాలుగు వేసి ఈడ్చుకెళ్లకండి. వెంట నడిచి వెళ్లి దిగబెట్టండి.

"అల్లరి చేస్తే సిస్టరుతో సూది వేయిస్తాను" అని బెదిరించకండి. ఈ మాట మా మనవి. సూది భయంతో వచ్చిన బిడ్డ మాకు ఏమీ చెప్పడు.

మళ్లీ పక్క తడపడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, అన్నం మానడం, ఒక మనిషిని చూస్తే వణకడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకండి. బిడ్డకు ఎవరివలననైనా హాని జరుగుతోందని అనుమానముంటే 1098కు ఫోను చేయవచ్చు. మనోవేదన విషయమై టెలీ మానస్ 14416 నంబరు రాత్రింబగళ్లు పనిచేస్తుంది. రెండూ ఉచితమే.

బడి మీది కూడా

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1నుండి అమలులో ఉన్నది. దాని 17వ సెక్షను ప్రకారం బిడ్డను కొట్టడమే కాదు, మనస్సును నొప్పించడం కూడా నిషేధమే. 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడువంతులమంది తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యులలో సగంమంది స్త్రీలు ఉండాలి. సంరక్షకులు అనగా బిడ్డను పెంచుతున్న అమ్మమ్మ, తాతయ్య, పిన్ని, మేనమామ కూడా. చదువు రానివారు రాకూడదని ఎక్కడా లేదు. మరుగుదొడ్డి గడియ, మంచినీళ్లు, మధ్యాహ్న భోజనం గూర్చి అడగడానికి అక్షరాలు అక్కరలేదు.

టీచర్లకు కూడా ఒక విన్నపం. మీటింగుకు ఎవరూ రాని బిడ్డ పేరు ప్రక్కన గుర్తు పెట్టుకొని, "ఇంట్లో నిన్ను ఎవరు చూస్తారు?" అని ఒక్కసారి అడగండి.

ఇక సంఘమునకు. మన స్త్రీల సమాజములో, సండే స్కూలులో తల్లిదండ్రులు దూరాన ఉన్న పిల్లలెందరో మనకు తెలుసు. వారి అమ్మమ్మ, నాయనమ్మలకు మీటింగు రోజున తోడు వెళ్లండి. కార్డులో ఉన్నది చదివి చెప్పండి. తిమోతిని పెంచినవారిలో తల్లి యునీకేతోపాటు అవ్వ లోయి కూడా ఉన్నదని మనకు తెలుసు. లోయి వంటి అవ్వలు మన ఊళ్లలో ఇంటింటా ఉన్నారు. గుమ్మం దగ్గర నిలబడిపోయిన వారికి ఒక కుర్చీ వేద్దాము.

వచ్చే సోమవారం మీ బిడ్డ కడుపు నొస్తోందంటే మా వద్దకు తీసుకురండి, తప్పక చూస్తాము. చూసిన తరువాత మేము కూడా ఒక ప్రశ్న అడుగుతాము: "బడికి వెళ్లి టీచరుగారితో మాట్లాడారా?"

మీ బిడ్డల కొరకు మీతోకూడ ప్రార్థించుచు,
నర్సింగ్ విభాగము తరఫున,
నర్సింగ్ సూపరింటెండెంట్