చూచే చూపు, తెలుసుకొనే తీరు



మనుష్యుడు పుట్టిననాటి నుండి చూస్తూనే ఉంటాడు. తల్లి ముఖం చూచి నవ్వడం నేర్చుకుంటాడు. పెద్దల నడక చూచి నడక నేర్చుకుంటాడు. అయినా ఎదుటివాడు ఎటువంటివాడో నిర్ణయించవలసిన ఘట్టం వచ్చినప్పుడు, మనలో అనేకులు చూడడం మాని ఊహించడం మొదలుపెడతారు. కట్టిన బట్ట, మాట్లాడే భాష, ఎవరో చెప్పగా విన్న మాట, ఈ మూడింటితో తీర్పు ముగిసిపోతుంది.

మన చాంద్రాయణగుట్ట ప్రాంతంలో ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. ఒకవైపు కేశవగిరి, అక్కడ చెన్నకేశవస్వామి సన్నిధి. మరొకవైపు నిజాం సైన్యంలో కొలువు చేసిన అరబ్బుల సంతతివారు నివసించే బార్కాస్. ఒకే కూడలిలో, ఒకే బస్సులో, ఒకే జామపండ్ల బండి దగ్గర అన్ని మతాలవారూ భుజం భుజం రాచుకొని నిలుచుంటారు. 1990 డిసెంబరులో పాతనగరాన్ని తల్లడిల్లజేసిన అల్లర్లను చూచిన పెద్దలకు, విచారించకుండా నమ్మిన ఒక వదంతి ఎంత చేటు తేగలదో వేరే చెప్పనక్కరలేదు. కనుక మనిషిని చూచి తెలుసుకొనే విద్య మనకు నిత్యావసరం. ఆ విద్యను శ్రీమద్రామాయణం ఎంత చక్కగా బోధించిందో విన్నవిస్తాను.

మొదటి పాఠం వేషాన్ని గురించినది. అరణ్యకాండలో రావణుడు సన్న్యాసి వేషంలో సీతమ్మ వాకిట నిలిచాడు. కిష్కింధాకాండలో హనుమ భిక్షు రూపంలో రామలక్ష్మణుల ఎదుటికి వచ్చాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వేషం. ఒకడు అపహరించడానికి వచ్చాడు, మరొకడు జీవితాంతం సేవించబోతున్నాడు. ఆ వేషమే ప్రమాణమనుకుంటే రావణుణ్ణి నమ్మాలి. ఆ వేషాన్ని చూచే భయపడితే హనుమను పోగొట్టుకోవాలి. రాముడు ఈ రెండూ చేయలేదు. వచ్చినవాడి మాట విన్నాడు. అంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదని, కన్నులలో గాని, కనుబొమలలో గాని, నుదుట గాని ఏ వికారమూ కనబడలేదని గమనించి లక్ష్మణునితో చెప్పాడు. అందం, ఆడంబరం ఆయన లెక్కలోనికి రాలేదు. మాటకూ ముఖానికీ పొందిక ఉన్నదా అన్నదే ఆయన చూచినది.

రెండవ పాఠం సుందరకాండలో ఉన్నది. లంకలో రావణుని అంతఃపురంలో నిద్రిస్తున్న మండోదరిని చూచి, ఆమె సౌందర్యాన్ని బట్టి ఈమెయే సీత అని హనుమంతుడు ఒక క్షణం పొంగిపోయాడు. మహాబుద్ధిశాలియైన ఆంజనేయునికే మొదటి చూపు తప్పింది! కాని ఆయన ఆ చూపు దగ్గరే ఆగిపోలేదు. రాముని ఎడబాసిన సీతమ్మ ఇలా అలంకరించుకుంటుందా? ఇలా భుజించి, హాయిగా నిద్రపోగలదా? అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. రూపాన్ని శీలంతో సరిపోల్చాడు, పొరపాటు దిద్దుకొని మళ్లీ వెదకసాగాడు. మొదటి అభిప్రాయం తప్పడం నేరం కాదు. దానిని పరీక్షించకుండా పట్టుకొని వ్రేలాడడమే నేరం.

మూడవ పాఠం యుద్ధకాండలోని విభీషణ శరణాగతి. నలుగురు అనుచరులతో విభీషణుడు సముద్రపుటొడ్డుకు వచ్చి ఆకాశంలోనే నిలిచి శరణు వేడాడు. సుగ్రీవుడు శత్రువని అనుమానించాడు. గుణదోషాలు బేరీజు వేయాలన్నాడు అంగదుడు. గూఢచారిని పంపాలన్నాడు శరభుడు. కాని వేళలో, కాని చోటికి వచ్చాడు గనుక శంకించాలన్నాడు జాంబవంతుడు. మెల్లగా ప్రశ్నించి తెలుసుకొందామన్నాడు మైందుడు. ఇవన్నీ తెలివైన మాటలే. అయితే వాటిలో ఏ లోటు ఉన్నదో హనుమ వినయంగా విప్పి చెప్పాడు. ఎదుటనే నిలిచి తానెవరో చెప్పుకున్నవానిపై గూఢచారి ఎందుకు? ఉన్నట్టుండి నిలదీసి ప్రశ్నిస్తే బుద్ధిమంతుడు నొచ్చుకొని శంకలో పడతాడు, రాదగిన మిత్రుడు దూరమవుతాడు. ఇక వేళ అంటారా? రావణుని దౌష్ట్యాన్నీ రాముని పరాక్రమాన్నీ పోల్చి చూచుకున్నవాడు రావలసిన వేళ ఇదే. వాలిని వధించి సుగ్రీవునికి రాజ్యమిచ్చిన సంగతి విని వచ్చాడని ఎందుకు అనుకోరాదు? ఇతని స్వరంలో దుష్టత్వం వినబడదు, ముఖం ప్రసన్నంగా ఉన్నది. కపటి ఇంత నిశ్చింతగా నిలువలేడు. ఎంత దాచినా లోపలి భావం ఆకారంలో బయటపడుతుంది. ఇదీ హనుమ మాటల సారాంశం.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. భిక్షువేషంలో ఉన్న తనను రాముడు ఏ విధంగా చూచి గుర్తించాడో, ఆ విధంగానే హనుమ విభీషణుని చూచాడు. సరిగా చూడబడినవాడు ఇతరులను సరిగా చూడడం నేర్చుకుంటాడు. మన పిల్లలను మనం ఏ దృష్టితో చూస్తున్నామో, వారు రేపు లోకాన్ని ఆ దృష్టితోనే చూస్తారు.

ఈ విద్య పురాణకాలంతో ముగియలేదు. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము మరణించిన తరువాత, ఆదిలాబాదు గోండులలో అశాంతికి కారణం తెలుసుకొనేందుకు నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశీయుడైన హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుని వినియోగించింది. దూరం నుండి చూచినవారికి గోండులు తిరుగుబాటుదారులు. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయి గ్రామంలో గుడిసె వేసుకొని, వారి నడుమ నివసించి, వారి భాష నేర్చి, వారి పండుగలనూ వ్యవసాయాన్నీ చూచాడు. తరతరాలుగా సాగుచేసుకొంటున్న నేల చేజారిపోవడమే వారి దుఃఖమని గ్రహించాడు. అటుపిమ్మట గోండులకు భూమి పట్టాలు, గోండీ భాషలో చదువు చెప్పే బడులు వచ్చాయి. 1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలో ఉన్నది, గోండులు నేటికీ ఆ దంపతులను స్మరిస్తారు. దగ్గరగా, ఓపికగా చూచిన చూపు చివరకు దయగా మారిందన్నమాట.

ఓపిక అన్నాను. మన ఊరి పేరులోని చాంద్రాయణమనే మాట వినగానే ధర్మశాస్త్రాలు చెప్పిన వ్రతం గుర్తుకు వస్తుంది. శుక్లపక్షంలో చంద్రకళతో పాటు రోజుకొక ముద్ద పెంచుతూ, పూర్ణిమ నాటికి పదిహేను ముద్దలు భుజించి, కృష్ణపక్షంలో ఒక్కొక్కటే తగ్గిస్తూ అమావాస్యకు ఉపవాసముంటారు. నెల నిండితేగాని వ్రతం పూర్తికాదు. భాగవతం ఏకాదశస్కంధంలో యదుమహారాజుతో సంభాషించిన అవధూత తన ఇరువదినాలుగు మంది గురువులలో చంద్రుని కూడా చేర్చాడు. పెరగడం, తరగడం కళలకే గాని చంద్రునికి కాదని ఆయన నేర్చుకున్న పాఠం. మనుష్యులకూ ఇది వర్తిస్తుంది. అప్పుల బాధలో ఒకడు కసురుకొన్న రోజు అతని అమావాస్య కావచ్చు. ఆ ఒక్క రోజుతో అతని స్వభావాన్ని తేల్చరాదు.

ఆ అవధూత చూపులో మరొక రహస్యమున్నది. ఆయన సాలెపురుగును చూచాడు, బాణాలు చెక్కేవానిని చూచాడు, విదేహనగరంలోని పింగళ అనే వేశ్యను చూచాడు. ఎవరినీ నిందించలేదు. ధనమిచ్చే విటుని కోసం అర్ధరాత్రి వరకు వాకిట ఎదురుచూచి, చివరకు ఆశ విడిచి సుఖంగా నిద్రించిన పింగళ నుండి వైరాగ్యం నేర్చుకున్నాడు. మనమైతే ఆమె వృత్తిని మాత్రమే చూచేవారం. ఇతరుల ఇంటి గుట్టు తెలుసుకొనాలనే కుతూహలం పరిశీలన కాదు, అది పరనింద. చూచిన దానితో నా నడవడి ఏమైనా దిద్దుకున్నానా అని అడుగుకొనేవాడే నిజమైన ద్రష్ట.

ఈ వారం రోజులు ఒక చిన్న నియమం పాటించి చూడండి. ఎవరిని గురించియైనా చెడు మాట చెవినబడితే, నేను స్వయంగా చూచినది ఎంత, విన్నది ఎంత, ఊహించినది ఎంత అని విడదీయండి. స్వయంగా చూడనిది మరొకరికి చెప్పకండి. పొరుగువారి పనిని, మాటను, కష్టంలో వారి ప్రవర్తనను కొంతకాలం గమనించండి.

చివరకు విభీషణుని విషయంలో స్వామి ఏమి చేశాడు? అందరి మాటలూ విని, శరణన్న ప్రాణికి అభయమివ్వడం తన వ్రతమన్నాడు. వచ్చినవాడు రావణుడే అయినా తీసుకొని రమ్మన్నాడు. జాగరూకతతో చూడడం హనుమ నేర్పిన విద్య, చూచిన తరువాత అభయమివ్వడం రాముడు చూపిన ధర్మం. ఈ రెండూ మనకు అలవడునట్లు శ్రీ చెన్నకేశవస్వామి అనుగ్రహించుగాక!

స్వస్తి.