లాగలేని ఇంజనుకు నాడి పట్టడం

ఖరగ్‌పూర్ టౌను నుంచి ఐఐటీకి వెళ్లే దారి, పూరీ వైపు సాగే రైలు పట్టాలను దాటే చోటు పూరీ గేట్. ఇప్పుడక్కడ పైన ఫ్లైఓవర్ ఉంది, కింద కరెంటు ఇంజన్లు నడుస్తున్నాయి. అంతకు ముందు చాలా ఏళ్లు హౌరా–మద్రాసు బళ్లను ఈ దారిన లాగినవి డీజిల్ ఇంజన్లు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఖరగ్‌పూర్ వర్క్‌షాపులోనూ షెడ్డులోనూ పనిచేస్తూ వచ్చిన తెలుగువాళ్లలో చాలామందికి ఆ ఇంజన్ల గుణగణాలు కొట్టిన పిండి.

ఉన్నట్టుండి ఆగిపోయిన ఇంజనుతో పెద్ద చిక్కు లేదు. పైపు పగిలిందో, పంపు ఆగిందో చూడగానే దొరుకుతుంది. నెలల తరబడి కొద్దికొద్దిగా బలం తగ్గే ఇంజనుతోనే తంటా. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు. లోకో పైలట్ ‘లోడు లాగడం లేదు’ అని రిపేరు పుస్తకంలో రాసేసరికి లోపం ముదిరిపోయి ఉంటుంది. అప్పుడు ‘పాతదైపోయింది, విప్పి చూద్దాం’ అనేస్తే సరిపోదు. వయసు వల్ల పోయే బలం కొంతే. మిగతాది ఎక్కడ పోతోందో ఇంజను విప్పకుండానే చాలావరకు తేల్చవచ్చు.

వేగం చెప్పని నిజం

మన దేశంలో దశాబ్దాల పాటు రాజ్యమేలిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్నే తీసుకుందాం. అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ నమూనా ఇది. 1962లో మన దేశానికి వచ్చింది, 1964 నుంచి వారణాసిలో తయారైంది. పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. డ్రైవరు చేతిలోని హ్యాండిల్‌కు ఎనిమిది నాచ్‌లు. ఎనిమిదో నాచ్‌లో ఇంజను నిమిషానికి 1000 చుట్లు తిరగాలి.

ఆ వేగాన్ని నిలబెట్టేది గవర్నర్. రెండు సిలిండర్లు నీరసించాయనుకోండి. వేగం పడిపోబోతుండగానే గవర్నర్ పసిగట్టి డీజిల్ పెంచుతుంది. లోటును మిగతా సిలిండర్లు భర్తీ చేస్తాయి. మీటరు మీద 1000 చుట్లు అలాగే కనిపిస్తుంది. డీజిల్ ఖర్చు, పొగ వేడి మాత్రం పెరుగుతాయి. ఇంధనం ఇచ్చే ర్యాక్ దాని చివరి హద్దుకు చేరాక ఇక పెంచడానికి ఏమీ ఉండదు. అప్పుడు గవర్నర్, చక్రాలు తిప్పే మోటార్లకు కరెంటిచ్చే జనరేటరు మీద భారం తగ్గించి వేగాన్ని కాపాడుతుంది. చుట్లు తగ్గవు, లాగే శక్తి తగ్గుతుంది. అందుకే వేగం సరిగ్గా ఉందంటే ఇంజను బాగుందని అర్థం కాదు.

ముందుగా తేల్చాల్సింది తప్పు ఇంజనుదా, బయటిదా అన్నది. ఏదో ఒక బ్రేకు వదలకుండా పట్టేసి ఉండవచ్చు. ఆరు ట్రాక్షన్ మోటార్లలో ఒకటి పనిచేయకపోవచ్చు. ఇలాంటివి చూడకుండా ఇంజను విప్పితే కష్టం వృథా.

లోడ్ బాక్స్ చెప్పే లెక్క

ఇంజను శక్తి తేల్చే పరీక్ష లోడ్ బాక్స్. ఇంజను కదలకుండా నిలిచే ఉంటుంది. జనరేటరు తయారుచేసే కరెంటును మోటార్లకు పంపకుండా పెద్ద రెసిస్టెన్సుల్లోకి మళ్లిస్తారు. ఆ శక్తంతా వేడిగా పోతుంది. వోల్టేజీని ఆంపియర్లతో గుణించి 746తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. ఉదాహరణకు 600 వోల్టులు, 2800 ఆంపియర్లు వస్తే సుమారు 2250 హార్స్‌పవర్. దీనికి జనరేటరులో పోయే నష్టాన్ని, పంపులూ ఫ్యాన్లూ తీసుకునే వాటానూ కలిపితే ఇంజను అసలు శక్తి తెలుస్తుంది.

ఆ రోజు ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 30 డిగ్రీల నుంచి 45కు పెరిగితే అదే ఘనపరిమాణంలో గాలి బరువు దాదాపు 5 శాతం తగ్గుతుంది. జనవరి కొలతను మే నెల కొలతతో పోల్చేటప్పుడు ఈ తేడాను తీసేసి చూడాలి.

గాలా, డీజిలా, కంప్రెషనా?

శక్తి నిజంగానే తగ్గిందని తేలితే అనుమానితులు ముగ్గురు: గాలి, డీజిల్, కంప్రెషన్. మొదటి రెండింటినీ విడదీయడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. టర్బోను తిప్పేది సిలిండర్ల నుంచి వచ్చే వేడి పొగ. ఆ టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడే బూస్టర్ ప్రెషర్. అది తగ్గిందంటే తప్పు టర్బోదేనని చాలామంది తీర్మానిస్తారు. పక్కనే పొగ వేడిని కూడా చూడాలి.

బూస్టర్ తక్కువ, పొగ వేడి ఎక్కువ అయితే ఇంజనుకు గాలి చాలడం లేదు. ఫిల్టర్లు మూసుకుపోయి ఉండవచ్చు, గొట్టాల్లో ఎక్కడో లీకు ఉండవచ్చు, టర్బో అరిగి ఉండవచ్చు. బూస్టర్ తక్కువ, పొగ వేడి కూడా తక్కువ అయితే డీజిల్ అందడం లేదు. వేడి లేని పొగ టర్బోను గట్టిగా తిప్పలేదు కాబట్టి బూస్టర్ పడిపోతుంది. ఇక్కడ టర్బో నిర్దోషి. డీజిల్ ఫిల్టర్లు, ఫీడ్ పంపు, ర్యాక్ సర్దుబాటు చూడాలి.

సిలిండర్లవారీగా పొగ వేడి కొలిస్తే ఇంకో మెట్టు ముందుకు వెళ్లవచ్చు. ఒక్కటే చల్లగా ఉంటే ఆ సిలిండరు ఇంజెక్టరు మీదో, పంపు మీదో అనుమానం. కొలిచే సాధనం లేకపోతే ఇంజను ఐడిల్‌లో ఉండగా ఒక్కో సిలిండరుకు డీజిల్ ఆపి చూస్తారు. ఆపగానే చప్పుడు మారితే అంతవరకూ ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. మారకపోతే దొంగ దొరికినట్టే.

మూడోది కంప్రెషన్. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని పన్నెండున్నర వంతుల్లో ఒక వంతుకు అదిమితే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. రింగులు, లైనర్లు అరిగితే గాలి కిందికి జారిపోతుంది, ఆ వేడి పుట్టదు. స్టార్ట్ చేయడం కష్టమవుతుంది, తెల్ల పొగ వస్తుంది. జారిన గాలి క్రాంక్‌కేసులో చేరడంతో అక్కడ ఉండాల్సిన కొద్దిపాటి వ్యాక్యూమ్ తగ్గుతుంది. ఆయిల్ పరీక్ష కూడా ఇంజను లోపలి కథ చెబుతుంది. అందులో సిలికాన్ పెరిగితే ఫిల్టరు దాటి దుమ్ము వస్తున్నట్టు, రాగి, సీసం పెరిగితే బేరింగులు అరుగుతున్నట్టు, సోడియం కనిపిస్తే కూలింగ్ నీళ్లు ఆయిల్లో కలుస్తున్నట్టు.

పొగ రంగు కూడా ఒక సూచనే. నాచ్ పెంచగానే కాసేపు నల్ల పొగ రావడం మామూలే, టర్బో వేగం అందుకునేలోపు డీజిల్ ముందే పడుతుంది. నిలకడగా లాగుతున్నప్పుడూ నల్లగానే వస్తుంటే గాలి చాలడం లేదని, నీలంగా వస్తుంటే ఆయిల్ మండుతోందని అర్థం.

ఇదే పట్టాల చివర, సముద్రం మీద

ఈ లైను వెంట పూరీ చేరితే సముద్రపు ఒడ్డున పెంటకోట ఉంది, తెలుగు మత్స్యకారుల పేట. అక్కడి ఫైబరు పడవల వెనక బిగించే అవుట్‌బోర్డు ఇంజన్లకూ ఇదే తర్కం పనికొస్తుంది, ఒక తేడాతో. వాటికి ఆల్కో ఇంజనులా లోటును కప్పిపుచ్చే గవర్నర్ ఉండదు. పూర్తి థ్రాటిల్‌లో ఎన్ని చుట్లు తిరుగుతోందన్నదే లోడ్ బాక్స్ చెప్పే లెక్కతో సమానం. నాలుగు స్ట్రోకుల ఇంజన్లలో చాలావాటికి కంపెనీ చెప్పే హద్దు 5000 నుంచి 6000.

చుట్లు పెరిగి పడవ ముందుకు పోకపోతే ప్రొపెల్లరు లోపలి రబ్బరు జారుతున్నట్టు. చుట్లూ తగ్గి, వేగమూ తగ్గితే ముందు పడవ అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకి చూడాలి, వాటి వల్ల పెరిగే నీటి రాపిడి భారమంతా ఇంజనే మోయాలి. ఆ తర్వాత ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం, ఇంధన గొట్టం. ఇంజను నీరసిస్తున్నప్పుడు గొట్టం మధ్యలోని రబ్బరు బల్బును నొక్కితే మళ్లీ పుంజుకుంటే ఇంధనం అందడం లేదన్నమాట. ప్లగ్గులూ కార్బురేటరూ చూశాక చివర కంప్రెషన్ గేజి. అన్ని సిలిండర్లూ దగ్గర దగ్గరగా చూపితే ఇంజను లోపలి భాగాలు సరిగ్గా ఉన్నట్టే. ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువ చూపితేనే విప్పడం గురించి ఆలోచించాలి.

ఈ పద్ధతులన్నిటికీ ఒక లోపం ఉంది. పోల్చుకోవడానికి పాత కొలత లేకపోతే కొత్త కొలత సగమే చెబుతుంది. అందుకని రైలింజనైనా, పడవ ఇంజనైనా, పొలంలో ట్రాక్టరైనా అది బాగా నడుస్తున్న రోజునే పూర్తి వేగం, ఇంధనం ఖర్చు, కంప్రెషన్ కొలిచి, ఆ రోజు ఎండ ఎంతో కూడా కలిపి ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఏడాదికోసారి అదే పద్ధతిలో మళ్లీ కొలవండి. ఏది మారిందో ఆ పుస్తకమే చెబుతుంది, మెకానిక్కు కూడా సగం పని తగ్గుతుంది.