పేరు రాయించేలోపే గుండె తయారు

బిడ్డ రెండు గుక్కలు పాలు తాగి, ఆయాసంతో రొమ్ము వదిలేస్తుంది. నుదుటి మీద చెమట. గుండె కింది గదుల మధ్య గోడకు పెద్ద రంధ్రం ఉన్న పసికందుల్లో తరచూ కనిపించే తీరిది. పుట్టే ప్రతి వెయ్యిమందిలో ఎనిమిది, తొమ్మిదిమందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. 1991 నవంబరులో పుట్టపర్తిలో సత్యసాయి ఆసుపత్రి తెరిచినప్పటి నుంచి అనంతపురం పల్లెల వాళ్లకు అదే దారి. గుండె ఆపరేషన్‌కు అక్కడ రూపాయి తీసుకోరు.

ఇంట్లో విచారణ మాత్రం కోడలి మీదే. "గ్రహణం నాడు బయటికొచ్చింటావు!"

పిండం గుండె కొట్టుకోవడం గర్భం నిలిచిన 22వ రోజు ప్రాంతంలో మొదలవుతుంది. అప్పటికి నెల తప్పి వారం దాటి ఉంటుంది, అంతే. ఎనిమిదో వారానికి గదులూ గోడలూ పూర్తి. మూడో నెలలో ఏఎన్‌ఎమ్ దగ్గర పేరు రాయించి మాత్రలు తెచ్చుకునేసరికి మేస్త్రీలు పని ముగించుకుని వెళ్లిపోయినట్టే.

ఆ తొలి వారాల్లో ఏది చెరుపు చేస్తుంది? 1941లో సిడ్నీ కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ శుక్లాలతో పుట్టిన పిల్లల్ని చూస్తూ, వాళ్లలో చాలామందికి గుండె లోపమూ ఉందనీ, తల్లులకు గర్భం మొదట్లో రుబెల్లా సోకిందనీ పట్టుకున్నాడు. మన రాష్ట్రంలో తట్టు-రుబెల్లా టీకా పెద్దఎత్తున వేసింది 2017లో. గర్భానికి ముందే తల్లికి చక్కెర జబ్బు ఉండి అదుపులో లేకపోతే ముప్పు మూడు, నాలుగు రెట్లు. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ కూడా ప్రమాదమే. మేనరికమూ కొంత కారణమే, మనకు నచ్చినా నచ్చకపోయినా.

చీనీ తోటల్లో కొట్టే పురుగుమందు, మే నెల ఎండ సంగతి? రెండింటి మీదా విదేశాల్లో అధ్యయనాలు వేలు చూపించాయి గానీ రుజువు రుబెల్లా అంత గట్టిది కాదు. అయినా మందు కొట్టిన చొక్కాను కడుపుతో ఉన్న మనిషి చేత ఉతికించకపోతే పోయేదేమీ లేదు.

తండ్రి సంగతి ఎవరూ అడగరు. గర్భానికి ముందు మూడు నెలల్లో మద్యం తాగిన తండ్రుల బిడ్డల్లో గుండె లోపాల ముప్పు 44 శాతం ఎక్కువని 2019లో చైనా పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. తల్లి తాగితే 16 శాతమే. ఇది సంబంధమే, కారణమని తేలలేదు. గ్రహణం కన్నా మాత్రం గట్టి అనుమానమే.

ఇక ముందుజాగ్రత్త సంగతి. బడిలో ఆడపిల్లలకు వారానికో నీలం మాత్ర ఇస్తారు. ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. పెళ్లై అత్తగారి ఊరికి వెళ్లాక ఆ మాత్ర అడిగి తెచ్చుకునేవాళ్లు అరుదు. గర్భానికి కనీసం నెల ముందు నుంచి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వేసుకోమని డాక్టర్లు చెప్పేది ఆ కొత్త కోడలికే.